రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్

రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ (మే 11, 1830 - ఫిబ్రవరి 23, 1911) బ్రిటిషు సైనికాధికారి, వృక్ష శాస్త్రవేత్త, సరీసృపాల పరిశోధకుడు. మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ శాఖకు చాలాకాలం అధిపతిగా పనిచేశాడు. తిరుపతి కొండలలో నివసించే అరుదైన బంగారు బల్లిని శాస్త్ర లోకానికి మొదట పరిచయం చేసినది ఈయనే.

తొలి జీవితం

బెడ్డోమ్ ఇంగ్లాండులో జన్మించాడు. చార్టర్‌హౌస్ పాఠశాలలో చదువుకున్నాడు. కుటుంబం ఈయనను న్యాయవాదిని చేయాలనుకున్నా, ఆ వృత్తి మీద ఆసక్తి లేక 1848లో, తన 18వ యేట, ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి భారతదేశానికి వచ్చాడు. మొక్కల మీద, జంతువుల మీద ఈయనకున్న ఆసక్తిని గమనించి, మద్రాసు అటవీ శాఖ మొదటి కన్సర్వేటరు హ్యూ క్లెగ్‌హార్న్ వద్ద సహాయకునిగా నియమించారు. 1860లో ఆయన స్థానంలో అటవీ శాఖ బాధ్యతలు స్వీకరించి, 1882 వరకు కొనసాగాడు.

పరిశోధనలు

అడవుల పర్యవేక్షణకై చేసిన ప్రయాణాలే ఈయన పరిశోధనకు ఆధారమయ్యాయి. దక్షిణ భారతదేశపు ఫెర్న్ మొక్కల గురించి, కలప చెట్ల గురించి సచిత్ర గ్రంథాలు వెలువరించాడు. వాటిలో 1869 నుండి భాగాలుగా వెలువడిన ఫ్లోరా సిల్వాటికా ముఖ్యమైనది. పాములు, బల్లులు, కప్పలలో అనేక కొత్త జాతులను వర్ణించాడు. ఈయన సేకరించిన నమూనాలు లండనులోని బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి.

బంగారు బల్లి - వర్గీకరణ

1870లో మద్రాసు నుండి వెలువడే ఒక వైద్య శాస్త్ర మాసపత్రికలో బెడ్డోమ్ ఈ బల్లిని వర్ణించి, కాలోడాక్టిలస్ ఆరియస్ అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో కాలోస్ అంటే అందమైన, డాక్టిలోస్ అంటే వేలు అని అర్థం. లాటిన్ పదమైన ఆరియస్‌కు బంగారు రంగు గల అని అర్థం. మగ బల్లికి ఉండే పసుపు రంగు వలన ఈ పేరు వచ్చింది. ఇది పగలు రాతి పగుళ్ళలో దాగి, రాత్రివేళ సంచరిస్తుంది. ఆడ బల్లులు గుడ్లను రాతికి అతికించి పెడతాయి.

జంతువుల నామకరణ నియమాల ప్రకారం ఒకే పేరు రెండు ప్రజాతులకు ఉండరాదు. కాలోడాక్టిలస్ అనే పేరు అంతకు ముందే మరొక ప్రజాతికి ఉన్నందున, 1926లో స్ట్రాండ్ అనే శాస్త్రవేత్త దానిని కాలోడాక్టిలోడెస్‌గా మార్చాడు. జాతి పేరు మాత్రం బెడ్డోమ్ పెట్టినదే నిలిచింది. ఈ ప్రజాతిలో ఉన్నవి రెండే జాతులు. రెండవది శ్రీలంక ద్వీపంలో ఉంది. దానిని 1953లో దెరణియగల వర్ణించాడు.

బెడ్డోమ్ తరువాత చాలాకాలం ఈ బల్లి జాడ తెలియలేదు. ఆంధ్రప్రదేశ్ తూర్పు కనుమలలో ఇది మళ్ళీ కనుగొనబడినట్లు 1986లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో ప్రకటించారు. ఆ తరువాత తమిళనాడు, ఒడిషాలలో కూడా కనిపించింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దీనికి రక్షణ ఉంది. రాతి గుట్టలు తొలిచివేస్తే, దీనికి ఆశ్రయం కూడా, గుడ్లు పెట్టే చోటు కూడా పోతాయి.

చిత్తూరు ప్రాంతంతో సంబంధం

బెడ్డోమ్ కాలంలో తిరుపతి కొండలు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. ఈయన మరణించిన 1911లోనే ఆ జిల్లాలోని కొన్ని తాలూకాలతో చిత్తూరు జిల్లా ఏర్పడింది. 2022లో తిరుపతి ప్రత్యేక జిల్లా అయింది. రామకుప్పం, కుప్పం ప్రాంతాలు చిత్తూరు జిల్లాలోనే ఉన్నాయి. తిరుపతి, కడప కొండలలో మాత్రమే సహజంగా పెరిగే సైకస్ బెడ్డోమీ అనే మొక్కకు ఈయన పేరే పెట్టారు. అది కూడా అంతరించే ప్రమాదంలో ఉన్న మొక్కయే.