ఆంధ్రరత్న - రామదండు

చీరాల-పేరాల పోరాటమును దలచినంతనే తెలుగువారికి స్ఫురించు పేరు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారిది. దైవభక్తిని ప్రజోద్యమమునకు బలముగా మలచిన నాయకులలో వారు విశిష్టులు. మతము రాజకీయమునందు ప్రవేశించినపుడు కలుగు మేలెట్టిదో, దానికి హద్దెక్కడనో తెలిసికొనగోరువారికి వారి జీవితము చక్కని పాఠము.

వారు 1889 జూన్ 2వ తేదీన కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలున జన్మించిరి. పసితనముననే తల్లిదండ్రులను గోల్పోయి బంధువుల పోషణమున పెరిగిరి. కొంతకాలము బాపట్ల తాలూకా కచేరీలో ఉద్యోగము చేసి, 1911లో సీమకు వెళ్లి, ఎడింబరో విశ్వవిద్యాలయమున ఎం.ఏ. పట్టమందిరి. ఆనంద కుమారస్వామిగారితో గలిసి వారు ఆంగ్లీకరించిన నందికేశ్వరుని అభినయదర్పణము 1917లో హార్వర్డు విశ్వవిద్యాలయ ప్రచురణగా వెలువడెను. స్వదేశమునకు వచ్చి రాజమహేంద్రవరమునను, బందరు జాతీయ కళాశాలయందును బోధించిరి గాని, ఆ స్వతంత్ర హృదయము ఏ కొలువునను నిలువలేదు.

చీరాల, పేరాల నేతపనికి ప్రసిద్ధి కెక్కిన యూళ్లు. 1919లో ప్రభుత్వము వానిని గలిపి పురపాలక సంఘముగా నేర్పఱచెను. పన్నులు అనేక రెట్లు పెరిగెను. మగ్గము నమ్ముకొని బ్రతుకువారికి అది మోయరాని భారము. ప్రజలు మొఱపెట్టుకొన్నను వినువారు లేరైరి. పన్ను చెల్లింపనివారిని చెఱసాలకు బంపిరి. వారిలో నొక స్త్రీయు గలదు. స్థానిక స్వపరిపాలనము నాటికే భారతీయుడైన మంత్రి చేతికి వచ్చియుండెను. ఐనను స్వపరిపాలనమను పేరే మిగిలెను గాని, ప్రజల యిష్టమునకు విలువ లేకపోయెను.

ఆ సమయమున గోపాలకృష్ణయ్యగారు రామదండును నిర్మించిరి. కాషాయవస్త్రములు, మెడలో పూసలు, నోట రామనామము - ఇవి యా స్వచ్ఛంద సేవకుల చిహ్నములు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశమునకు వచ్చిన జనసమూహమును వారు లాఠీ లేకుండ క్రమమున నిలిపిరి. ఏప్రిల్ 6న గాంధీజీ చీరాలకు విచ్చేసి రెండు మార్గములు సూచించిరి: శాంతియుతముగా పన్ను నిరాకరించుట యొకటి, ఊరు విడిచిపోవుట మఱియొకటి. ప్రజలు రెండవదానినే వరించిరి.

సుమారు 15,000 జనములో అత్యధికులు ఇల్లు వాకిలి విడిచి, ఊరి వెలుపల పాకలు వేసికొని, ఆ పాకల యూరికి రామనగరమని పేరిడిరి. ఎండకు ఎండి, వానకు తడిసి పదునొకండు నెలలు కాపురముండిరి. తగవులు తీర్చుకొనుటకు తమ పంచాయతీని తామే యేర్పఱచుకొనిరి. ఇంతటి కష్టమును సామాన్యు లెట్లు సహించిరి? భజనలలో, భాగవతములలో వారు చిన్ననాటినుండియు వినుచున్నది అయోధ్యను వీడిన రాముని కథయే. ఊరు విడుచుట పరాభవము కాదు, ధర్మమని ఆ కథ వారికి నేర్పియుండెను. ఏ చట్టమును, ఏ యుపన్యాసమును ఈయజాలని ధైర్యమును ఆ నమ్మకమిచ్చెను.

నాయకుని మాత్రము ప్రభుత్వము విడువలేదు. ఉపన్యసింపరాదన్న యాజ్ఞను బరంపురమున ధిక్కరించినందుకు 1921లోనే వారికి ఏడాది శిక్ష పడెను. తిరుచునాపల్లి చెఱసాలలో దానిని గడపిరి. నాయకుడు లేక, ధనము లేక, 1922లో ప్రజలు మరల ఊరు చేరిరి. పురపాలక సంఘము నిలిచెను.

ఉద్యమము ఓడినను దాని పాఠము చెడలేదు. రామదండు పాలకుల గద్దె కొఱకు గాక పాలితుల గౌరవము కొఱకు నిలిచెను. నమ్మకము త్యాగమును నేర్పెను గాని, పరులపై పగను నేర్పలేదు. అయినను ఒక మతపు చిహ్నము ఆ మతస్థుల హృదయమును కదలించినంతగా ఇతరులను కదలింపజాలదు. ఉద్యమమున చేరుటయు మానుటయు వారి వారి యిష్టము. రాజ్యమట్లు కాదు, అందఱును దానికి లోబడవలసినదే. కావున ఉద్యమమునకు చెల్లిన చిహ్నము రాజ్యమునకు చెల్లదు. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము ప్రతి పౌరునకు మతస్వేచ్ఛ నొసగినది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము మతము పేర ఓటడుగుటను నిషేధించినది. భక్తి ప్రజలయొద్ద నున్నపుడు బలము. అధికారము చేత జిక్కినపుడు ఆయుధము.

1928 జూన్ 10న, 39 ఏండ్ల వయస్సున, క్షయవ్యాధిచే గోపాలకృష్ణయ్యగారు కన్నుమూసిరి. అంతటి విద్యావంతునకు చివర మిగిలినది పేదఱికమే. రామనామముతో వేలమందిని నడిపిన యాయన ఆ పేరుతో తనకై ఏమియు గూర్చుకొనలేదు. చీమకుర్తి మొదలు చీరాల వఱకు గల పాఠశాలల విద్యార్థులు వారిని స్మరించునపుడు ముందుగా గుర్తుంచుకొనవలసినది ఇదియే.