హాల్డేను మహాశయుడు – జన్యువుల జమాఖర్చు

జీవజాతులు కాలక్రమమున మార్పు చెందుచుండునని చార్లెసు డార్విను 1859లో లోకమునకు చాటెను. ఆ మార్పు ఎంత వేగమున జరుగునో గణితముచే లెక్కగట్టి చూపిన మేధావులలో అగ్రగణ్యులు జె. బి. ఎస్. హాల్డేను గారు.

వీరు 1892 నవంబరు 5వ తేదీన ఆంగ్లదేశమందలి ఆక్సుఫర్డు నగరమున జన్మించిరి. విశ్వవిద్యాలయమున గణితమును, గ్రీకు లాటిను వాఙ్మయములను అభ్యసించిరే గాని విజ్ఞానశాస్త్రమున పట్టము పొందలేదు. శరీరధర్మ శాస్త్రజ్ఞుడైన తండ్రి ప్రయోగశాలయే వీరికి పాఠశాల యయ్యెను.

తాళపత్ర గ్రంథమును తరతరముల లేఖకులు ప్రతి వ్రాయునపుడు ఒకానొకచో అక్షరము మారి పాఠాంతర మేర్పడును. అట్లే తల్లిదండ్రులనుండి బిడ్డకు సంక్రమించు జన్యువునందును అరుదుగా మార్పు గలుగును. అది ఎన్నింటికొకటి? గాయమైనచో నెత్తురు గడ్డకట్టని హీమోఫీలియా వ్యాధిని హాల్డేను గారు పరిశీలించిరి. ఆ రోగులలో పెక్కురు సంతానము లేకయే గతించుచుండిరి. అందుచే ఆ జన్యువు తరతరమునకు ఖర్చగుచుండవలెను. అయినను రోగుల సంఖ్య తరుగలేదు. ఖర్చున్నను నిల్వ తరుగనిచో కొత్త జమ పడుచుండవలెను గదా! జన్యువు సుమారు 50,000 పర్యాయములు సంక్రమించునపుడు ఒకమారు ఆ జమ పడునని వీరు 1935లో గణించిరి. డి.ఎన్.ఏ. నిర్మాణము తెలిసినది 1953లో మాత్రమే!

కీడు చేయు జన్యువు ఏల నశింపదు? థలసీమియా జన్యువు తల్లిదండ్రులలో ఒక్కరినుండియే వచ్చినచో మలేరియానుండి రక్షించుననియు, ఇరువురినుండియు వచ్చినచో బిడ్డ నెత్తురు క్షీణించుననియు, రక్షణగుణముచే అది మలేరియా సీమలలో నిలిచెననియు వీరు 1949లో ప్రతిపాదించిరి. కొడవలికణ జన్యువునకును ఇట్టి గుణము కలదని 1954లో ఆలిసను చూపెను. మన్యపు జ్వరము నెరిగిన గోదావరి వాసులకు ఇది పరాయి కథ కాదు. మన్యపు గిరిజనులలో ఆ జన్యువు నేటికిని కలదు. జ్వరము తగ్గినకొలది రక్షణతో పని తగ్గును. బిడ్డల బాధ మాత్రము మిగులును. కావున ఆ వ్యాధి శాపము కాదు, పాపఫలమును కాదు. పూర్వులు ప్రాణరక్షణకై చెల్లించిన మూల్యము.

1957లో వీరు భారతదేశమునకు తరలివచ్చి కలకత్తాలోని గణాంకశాస్త్ర సంస్థలో చేరిరి. పిదప భారత పౌరులైరి. పిఠాపురమున జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావు గారు వీరి శిష్యులు. ఆంధ్రదేశపు మేనరికములపై ఆయన జరిపిన పరిశోధన 1963లో వెలువడెను.

హాల్డేను గారు 1964 డిసెంబరు 1వ తేదీన భువనేశ్వరమున కాలధర్మము నొందిరి. జీవించియుండగా తమ దేహముపైననే ప్రయోగములు చేసికొనిన ఆ ధీరులు, మరణానంతరము దానిని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు బోధనార్థము ఒసంగవలెనని మరణశాసనము వ్రాసిరి. ఇట్టి విజ్ఞానదాతల చరిత్రము గ్రంథాలయ పాఠకులకు నిత్యస్మరణీయము.