పేరులోనే రంగున్న మనిషి

మాది మెదక్ జిల్లా కౌడిపల్లి. చిన్నప్పుడు నాచు అంటే చెరువు గట్టు మీద కాలు జారేలా చేసేది అని మాత్రమే తెలుసు. ఈ సెమిస్టర్‌లో వేరే బ్రాంచి ఫ్రెండ్ ఒకడు సూక్ష్మ నాచు నుంచి నూనె తీసి బయోడీజిల్ చేస్తానంటే, లెక్కల ప్రోగ్రామ్ రాసిపెడదామని వెళ్ళా. నూనె వచ్చింది గానీ ముదురు ఆకుపచ్చగా వచ్చింది. సాల్వెంట్‌లో నూనెతో పాటు క్లోరోఫిల్ కూడా కరిగి వచ్చేస్తుందట. అది ఉంటే వెలుతురుకి ఇంధనం తొందరగా ఆక్సీకరణ చెంది పాడైపోతుంది. మావాడి మొహం వాడిపోయింది. రంగు తీసే దారి వెతుకుతుంటే నాకు మిఖాయిల్ త్స్వెట్ కనబడ్డాడు.

ఆయన 1872లో ఇటలీలోని అస్తిలో పుట్టాడు. నాన్న రష్యన్, అమ్మ ఇటాలియన్. పుట్టిన కొద్దిరోజులకే అమ్మ చనిపోయింది. స్విట్జర్లాండ్‌లో పెరిగి, 1896లో జెనీవాలో డాక్టరేట్ తీసుకుని రష్యా వెళ్తే, అక్కడ ఆ డిగ్రీ చెల్లదన్నారు. మళ్ళీ చదివి 1901లో కజాన్‌లో మాస్టర్స్ తెచ్చుకున్నాడు. తర్వాత వార్సాలో ఉద్యోగం.

అక్కడే అసలు పని జరిగింది. గాజు గొట్టంలో సుద్దపొడి (అంటే కాల్షియం కార్బొనేట్) గట్టిగా కూరి, పైనుంచి పెట్రోలియం ఈథర్‌లో కరిగించిన ఆకు రంగులు పోశాడు. ఒక్కో రంగు పొడికి ఒక్కో బలంతో అంటుకుంటుంది కాబట్టి అవి కిందికి దిగుతూ పచ్చ, పసుపు పట్టీలుగా విడిపోయాయి. 1903లో దీని గురించి చెప్పాడు, 1906లో జర్మన్‌లో రాసి క్రొమాటోగ్రఫీ అని పేరు పెట్టాడు. విచిత్రం ఏంటంటే, రష్యన్‌లో త్స్వెట్ అంటేనే రంగు.

రసాయన శాస్త్రవేత్తలు చాలామంది నమ్మలేదు. 1915లో మొక్కల రంగుల మీద పరిశోధనకి నోబెల్ రిచర్డ్ విల్‌స్టాటర్‌కి వచ్చింది. అదే ఏడాది యుద్ధం వల్ల త్స్వెట్ వార్సా వదిలి ఊరూరా తిరగాల్సి వచ్చింది. 1919లో వోరోనెజ్‌లో చనిపోయాడు. అప్పటికి 47 ఏళ్ళే. 1931లో హైడెల్‌బర్గ్‌లో కొందరు ఆ గొట్టాన్ని మళ్ళీ బయటికి తీశాకే లోకానికి దాని విలువ తెలిసింది.

మావాడూ నేనూ సుద్దపొడితోనే ప్రయత్నించాం. పచ్చరంగు చాలావరకు పైనే ఆగింది, కింద పసుపు నూనె దిగింది. పరిశ్రమల్లో దీనికి ప్రత్యేకమైన బంకమట్టి, యాక్టివేటెడ్ కార్బన్ వాడతారు, కానీ సూత్రం అదే.

నాకో బ్యాక్‌లాగ్ ఉంది. ఆ కాగితం చూసినప్పుడల్లా నేనింతే అనిపించేది. ఆ రాత్రి మాత్రం గొట్టం కింద చుక్కలు లెక్కపెడుతూ, డిగ్రీ చెల్లదన్న రోజు త్స్వెట్ ఏం చేసి ఉంటాడా అని ఆలోచించా. మళ్ళీ పుస్తకం తెరిచి ఉంటాడు. నేనూ తెరిచా.