అనీ సలివాన్

అనీ సలివాన్ (ఏప్రిల్ 14, 1866 - అక్టోబరు 20, 1936) చూపు, వినికిడి రెండూ కోల్పోయిన హెలెన్ కెల్లర్‌కు భాష నేర్పిన అమెరికా ఉపాధ్యాయురాలు. తెలుగునాట శిష్యురాలి పేరు తెలిసినంతగా ఈమె పేరు తెలియదు.

బాల్యము

ఈమె మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఫీడింగ్ హిల్స్ అనే ఊరిలో ఐర్లండు నుండి వలస వచ్చిన పేద దంపతులకు జన్మించింది. సుమారు ఐదేళ్ళ వయసులో ట్రకోమా సోకి చూపు చాలావరకు పోయింది. తల్లి మరణానంతరం 1876లో ఈమెను, తమ్ముడు జిమ్మీని ట్యూక్స్‌బరీలోని పేదల శరణాలయంలో చేర్చారు. కొన్ని నెలలకే తమ్ముడు అక్కడే మరణించాడు. తనిఖీకి వచ్చిన అధికారిని బడికి పంపమని స్వయంగా వేడుకొని, 1880లో బోస్టన్‌లోని పెర్కిన్స్ అంధుల పాఠశాలలో చేరింది. అప్పటికి పద్నాలుగేళ్ళు వచ్చినా చదవడం, వ్రాయడం రావు. శస్త్రచికిత్సల వలన చూపు కొంత తిరిగి వచ్చింది. 1886లో తరగతిలో ప్రథమురాలిగా నిలిచింది.

శిక్షణ

ఉపాధ్యాయ శిక్షణ అనదగినది ఈమెకు లేదు. ఉన్నవి రెండే ఆధారాలు. చూపు, వినికిడి లేని లారా బ్రిడ్జ్‌మన్ పెర్కిన్స్‌లోనే నివసించేది. ఆమెతో మాట్లాడటానికి, అరచేతిలో వేళ్ళతో అక్షరాలు కూర్చే పద్ధతిని అనీ నేర్చుకుంది. లారాకు చదువు చెప్పిన శామ్యూల్ హోవే వ్రాసిన నివేదికలు రెండవ ఆధారం. కెల్లర్ కుటుంబం నుండి పిలుపు వచ్చాక కొన్ని నెలలు వాటినే చదివింది.

హెలెన్‌కు బోధన

1887 మార్చి 3న అలబామాలోని టస్కంబియా చేరింది. ఏడేళ్ళు నిండని హెలెన్ అందరి కంచాలలోను చేయి పెట్టి తినేది. జాలితో తల్లిదండ్రులు అడ్డు చెప్పేవారు కారు. ఇంట్లో ఉండగా బోధన సాగదని గ్రహించి, అనీ ఆ పిల్లను తోటలోని చిన్న ఇంటికి తీసుకువెళ్ళి సుమారు రెండు వారాలు ఉంచింది. హెలెన్ వేళ్ళ గుర్తులను అనుకరించేది గాని, అవి వస్తువుల పేర్లని ఎరుగదు. ఏప్రిల్ 5న బోరింగు నీరు ఒక చేతిపై పడుతుండగా రెండవ చేతిలో నీరు అనే మాట కూర్చినపుడు ఆ సంబంధం తెలిసింది.

ఈ ఘట్టం నాటకాలకెక్కి ప్రసిద్ధమైంది గాని, అసలు విశేషం ఆ తరువాతది. పదిహేను నెలల పసిబిడ్డ మాటలు నేర్చే తీరును గమనించి, అనీ వేళ ప్రకారం చెప్పే పాఠాలు మానివేసింది. చుట్టూ మాట్లాడేవారి సంభాషణ విని పసిబిడ్డ నేర్చినట్లే, హెలెన్ అరచేతిలో రోజంతా పూర్తి వాక్యాలు కూర్చసాగింది.

అపవాదు, తరువాతి జీవితము

హెలెన్ వ్రాసిన ఒక కథ వేరొకరి కథను పోలి ఉందని 1892లో పెర్కిన్స్‌లో విచారణ జరిగింది. నేరం ఋజువు కాకపోయినా, గురువే పిల్లచేత మోసం చేయించిందన్న అనుమానం అనీని చాలాకాలం వెంటాడింది. 1900-1904 మధ్య రాడ్‌క్లిఫ్ కళాశాలలో హెలెన్ ప్రక్కన కూర్చుని ఉపన్యాసాలను చేతిలో కూర్చింది. ఆ శ్రమకు బలహీనమైన కళ్ళు మరింత దెబ్బతిన్నాయి. చివరి రోజులలో చూపు పూర్తిగా పోయింది. 1905లో రచయిత జాన్ మేసీని వివాహమాడింది గాని ఆ బంధం నిలవలేదు.

ఈమె జీవితంపై హెలెన్ వ్రాసిన తొలి వ్రాతప్రతి 1946లో ఇంటితో పాటు కాలిపోయింది. తిరిగి వ్రాసిన గ్రంథం 1955లో, హెలెన్ భారతదేశంలో పర్యటించిన ఏడాదే వెలువడింది. అనీ అస్థికలు వాషింగ్టన్ జాతీయ కేథడ్రల్‌లో ఉన్నాయి. 1968లో హెలెన్ అస్థికలను కూడా ఆ ప్రక్కనే ఉంచారు.