రామానుజన్ గారి మొదటి ఆఫీసు



మీ ఇంట్లోనో, చుట్టాల ఇంట్లోనో ఇంజినీరింగ్ చదివే పిల్లలుంటే ఇంటర్న్‌షిప్ అనే మాట ఈపాటికి మీ చెవిన పడే ఉంటుంది. మొదటి రోజు సాయంత్రం ఫోన్‌లో మనం అడిగేవి కూడా మనకు తెలిసినవే: కంపెనీ పేరేంటి, స్టైపెండ్ ఎంత, తర్వాత ఉద్యోగం ఇస్తారా. నీ పై ఆయన ఎలాంటివాడు, తెలియనిది అడిగితే కూర్చోబెట్టి చెబుతున్నాడా అని అడిగేవాళ్ళం తక్కువ. ఆ ప్రశ్న ఎందుకు అడగాలో చెప్పే జీవితం ఒకటి ఉంది. అందులో సగం మీకు తెలిసినదే.

శ్రీనివాస రామానుజన్ పుట్టినరోజు డిసెంబర్ 22న మీ పిల్లలు బడిలో గణిత దినోత్సవం జరుపుకుంటారు. పోస్టర్ మీది ఆ మేధావిని కాసేపు పక్కన పెట్టి, 1912 మొదట్లో ఆయన పరిస్థితి చూడండి. వయసు 24. పెళ్ళయింది. డిగ్రీ లేదు. కుంభకోణం కాలేజీలో ఇంగ్లీషు తప్పి స్కాలర్‌షిప్ పోయింది. 1905లో ఇంట్లో చెప్పకుండా మన విశాఖపట్నం దాకా వెళ్ళిపోయారు కూడా. తర్వాత మద్రాసు పచ్చయప్ప కాలేజీలో చేరినా ఎఫ్.ఏ. గట్టెక్కలేదు. అంటే మన లెక్కలో ఇంటర్ ఫెయిల్. చేతిలో ఉన్నవల్లా లెక్కలతో నిండిన నోటు పుస్తకాలు.

ఆ పుస్తకాలు చంకలో పెట్టుకుని 1910 చివర్లో ఆయన నెల్లూరు వచ్చారు. అక్కడ కలెక్టరు ఆర్. రామచంద్రరావు గారు. లెక్కలంటే ప్రాణం పెట్టే మనిషి. ఎదురుగా ఉన్న కుర్రవాడు చెబుతున్నది తనకు పూర్తిగా అంతుపట్టకపోయినా వెనక్కి పంపలేదు. నెలకు 25 రూపాయలు తన జేబులోంచి పంపారు. కానీ పని చేయకుండా ఒకరి డబ్బు తీసుకోవడం రామానుజన్‌కు మనసొప్పలేదు. అకౌంటెంట్ జనరల్ ఆఫీసులో కొద్ది వారాలు తాత్కాలిక గుమాస్తాగా చేసి, తర్వాత మద్రాసు పోర్టు ట్రస్టుకు దరఖాస్తు పెట్టుకున్నారు. 1912 మార్చి 1న లెక్కల విభాగంలో గుమాస్తాగా చేరారు. జీతం నెలకు 30 రూపాయలు.

చిన్న ఉద్యోగమే. కానీ ఆ ఆఫీసులో చీఫ్ అకౌంటెంట్ ఎస్. నారాయణ అయ్యర్. అంతకుముందు తిరుచ్చిలో కాలేజీలో లెక్కలు చెప్పిన ఎం.ఏ. ఆ ఆఫీసులో భారతీయులందరిలోకీ పెద్ద పదవి ఆయనదే. పై పదవిలో ఉన్న ఆయన రోజూ సాయంత్రాలు ఆ కొత్త గుమాస్తాను ట్రిప్లికేన్‌లోని తన ఇంటికి పిలిచి, మేడ మీద వసారాలో ఎదురెదురుగా కూర్చునేవారు. ఇద్దరి ఒళ్ళోనూ చెరో పలక. రాత్రి బాగా పొద్దుపోయేదాకా లెక్కలే. కాగితం ఖరీదైన వస్తువు కనుక రామానుజన్ పలక మీద రాసి మోచేత్తో తుడిచేసేవారు. పగలు రేవులో వాడేసిన ప్యాకింగ్ కాగితాలు ఏరుకునేవారని కూడా చెబుతారు.

అక్కడ జరిగిన అసలు పాఠం మాత్రం లెక్క కాదు. రామానుజన్ మొదటి మెట్టు నుంచి ఆఖరి మెట్టుకు దూకేవారు, మధ్యలోవి రాసేవారు కాదు. పెద్ద మేధావి అని నారాయణ అయ్యర్ ఊరుకోలేదు. తనకే అర్థం కానిది లోకానికి ఎలా అర్థమవుతుంది, నా స్థాయికి దిగి మధ్య మెట్లన్నీ రాయమని పట్టుబట్టేవారు. కాలేజీలో పరీక్ష పేపరు దిద్దినవాళ్ళకు ఆయన తప్పినవాడిగానే కనిపించారు. ఆఫీసులో పైఅధికారి తన సాయంత్రాలు ఇచ్చి, అదే లోటును ఓపిగ్గా సరిదిద్దారు. మొత్తం కథలో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే.

నారాయణ అయ్యర్ తన దగ్గరే దాచుకోలేదు కూడా. పోర్టు ట్రస్టు చైర్మన్, ఇంజినీరు సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ దాకా విషయం తీసుకెళ్ళారు. ఆఫీసు పనికి లోటు రానంతవరకూ కుర్రవాడు లెక్కలు చేసుకుంటే వచ్చే నష్టం లేదని స్ప్రింగ్ దొర గ్రహించారు. 1913 జనవరి 16న కేంబ్రిడ్జిలోని హార్డీకి రాసిన ప్రసిద్ధమైన ఉత్తరంలో రామానుజన్ తనను తాను పోర్టు ట్రస్టు గుమాస్తాగానే పరిచయం చేసుకున్నారు. మరుసటి నెలలో వాతావరణ శాఖ అధిపతి గిల్బర్ట్ వాకర్ రేవుకు వచ్చినప్పుడు ఈ గుమాస్తా లెక్కలను ఆయన ముందు పెట్టారు. ఆయన వెంటనే యూనివర్సిటీకి రాశారు. హార్డీ జవాబూ కలిసి వచ్చింది. మే నెల నుంచి నెలకు 75 రూపాయల పరిశోధన వేతనం. ఎఫ్.ఏ. తప్పిన మనిషికి! 1914లో ఇంగ్లండు ప్రయాణం ఖర్చుకోసం స్ప్రింగ్ నేరుగా గవర్నరు ఆఫీసుకే ఉత్తరం రాశారు.

కేంబ్రిడ్జి సంగతి పోస్టర్లు చెబుతాయి, మళ్ళీ చెప్పను. ఒక్కటి మాత్రం చెప్పాలి. హార్డీ లెక్కల్లో ఆయనకు దొరికిన గొప్ప తోడు. కానీ లెక్కలు అయ్యాక? శాకాహారి, తన వంట తనే చేసుకునే మనిషి, ఎముకలు కొరికే చలి, దానికి తోడు యుద్ధకాలం. అప్పుడు అక్కడే చదువుకుంటున్న పి.సి. మహలనోబిస్ ఒకరోజు గదికి వెళ్తే, రాత్రిళ్ళు చలికి ఓవర్‌కోటు వేసుకుని శాలువా కప్పుకుని పడుకుంటున్నానని రామానుజన్ చెప్పారు. మంచం మీద దుప్పట్లు బోలెడున్నాయి. పరుపు కింద అంచులు దోపి, పైన పక్కగుడ్డ పరిచి ఉన్నాయి. వాటిని తీసి లోపలికి దూరి పడుకోవాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు. మహలనోబిస్ చూపించారు. మీ అబ్బాయో అమ్మాయో బెంగళూరులోనో, డల్లాస్‌లోనో హాస్టల్ గదిలో ఉంటే ఈ దుప్పట్ల సంగతి మీకు వేరే వివరించనక్కర్లేదు.

1917లో జబ్బు పడ్డారు. 1918లో రాయల్ సొసైటీ ఫెలోషిప్ వచ్చింది. 1919లో మద్రాసు తిరిగొచ్చి, 1920 ఏప్రిల్ 26న కన్నుమూశారు. వయసు 32.

నారాయణ అయ్యర్ ఇంట్లో చెప్పుకున్న ఒక జ్ఞాపకం ఉంది. 1914 మార్చిలో రామానుజన్ ఓడ ఎక్కేముందు ఆయన ఒక కోరిక కోరారట. ఇద్దరి పలకలూ మార్చుకుందామని. ఆ గుమాస్తా పలక చీఫ్ అకౌంటెంట్ ఇంట్లో ఉండిపోయింది. చీఫ్ అకౌంటెంట్ పలక గుమాస్తా చేతికి వెళ్ళింది.