డాక్టరుగారి పక్షుల పద్దు

పాలలెక్క నేను రోజూ క్యాలెండరు మీద రాస్తాను. ఏ పూట ఎంత పోయించుకున్నాం, ఏ రోజు మానేశాం, అన్నీ ఉంటాయి. అంత లెక్క తెలిసినదాన్ని, పోయిన ఏడాది వాల్మీకిపురం దగ్గర మా చెనిక్కాయల చేలో తీతువు పిట్ట గుడ్లు చూసి ఏం చేశానో తెలుసా? చేలో పిట్ట, గుడ్లు అని నోటుబుక్కులో రెండు ముక్కలు గీకి ఊరుకున్నాను!

మా అమ్మాయి తను చూసిన పక్షుల వివరాలు ఫోనులో నమోదు చేస్తుంటుంది. మామూలు జనం పంపే ఇలాంటి వివరాలు ఇప్పుడు శాస్త్రజ్ఞులకూ పనికొస్తున్నాయట. నా పుస్తకం చూసి వరసగా ప్రశ్నలు వేసింది. ఏ తేదీ? ఎన్ని గుడ్లు? చేలో ఏ మూల? పిట్ట ముక్కు దగ్గర తోలు ఎర్రగా ఉందా, పసుపుపచ్చగా ఉందా? తీతువుల్లో రెండు రకాలట, ఆ రంగును బట్టే తెలుస్తుందట. ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. అప్పుడు తను చెప్పిన కథే జెర్డన్‌గారిది.

థామస్ కావెర్‌హిల్ జెర్డన్ 1811లో ఇంగ్లండులో పుట్టారు. వైద్యం చదివి, 1836లో ఈస్టిండియా కంపెనీ డాక్టరుగా మద్రాసులో దిగారు. ఉద్యోగం రోగులతో, మనసు మాత్రం పక్షులతో. సేకరించిన పక్షులను, పేర్లు తేల్చమని స్కాట్లాండులోని ఒక పండితుడికి పంపారు. తీరా చేరేసరికి, పెట్టెలో పట్టుచీరలకు పట్టినట్టు వాటికి పురుగు పట్టేసింది. అయినా ఆయన నీరసపడలేదు. తన పరిశీలననే నమ్ముకుని 1839 నుంచి దక్షిణాది పక్షుల జాబితా అచ్చువేయించారు.

1841లో ఫ్లోరాను పెళ్లాడారు. తర్వాత నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేశారు. అక్కడ యానాదులతో పరిచయమైంది. ఏ పిట్ట ఎక్కడ తిరుగుతుందో, దాన్ని ఏమని పిలుస్తారో వాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? ఆయన ఆ పేర్లు వినడమే కాదు, రాసుకున్నారు కూడా. పక్షులే కాదండోయ్, మనం వంటింట్లో తుడిచి పారేసే చీమలను సైతం గమనించి, 1851లో దక్షిణాది చీమల పట్టిక అచ్చువేశారు.

నెల్లూరు, కడప మధ్య తూర్పు కనుమల్లో ఆయనకు ఒక కొత్త పక్షి దొరికింది. నేలమీద తిరుగుతుంది, రొమ్ముమీద రెండు పట్టీలు. 1848లో దానికి శాస్త్రీయనామం వచ్చింది. 1862 నుంచి 1864 వరకు వచ్చిన ఆయన భారతదేశ పక్షుల గ్రంథంలో వెయ్యికి పైగా పక్షుల వివరాలున్నాయి. అందులో ఈ పక్షికి అడవి ఉత్తతిత్తి అని తెలుగు పేరూ ఉంది. మనం కలివికోడి అంటాం. 1872లో ఆయన కన్నుమూశారు.

ఆ తర్వాత ఆ పక్షీ మాయమైపోయింది! 1900లో అనంతపురం దగ్గర కనిపించిందన్నదే ఆఖరు పద్దు. ఇక అంతరించిపోయిందనుకున్నారు. అయినా ఆ పాత రాతల్లో ప్రాంతాల పేర్లున్నాయి కదా! వాటిని పట్టుకునే బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు మన జిల్లాల్లో వెతికారు. పక్షి బొమ్మ చూపిస్తూ ఊళ్లలో అడిగారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అనే స్థానికుడు ఒకదాన్ని పట్టి ఇచ్చాడు. పాపం, అది ఎక్కువ రోజులు బతకలేదు. కానీ ఆ జాతి ఇంకా ఉందని లోకానికి తెలిసింది. అది రాత్రిపూట తిరిగే పక్షి అనీ తేలింది. 1988లో లంకమల అడవిని అభయారణ్యం చేశారు. తెలుగుగంగ కాలువ దారిని సైతం ఈ పక్షి కోసం మార్చవలసి వచ్చింది.

అంత కాలువను పక్కకు తిప్పడానికి మొదలు ఎక్కడుందంటే, ఒక డాక్టరు ఊళ్ల పేర్లతో సహా రాసిపెట్టుకున్న నాలుగు మాటల్లో! ఆ కాలపు పద్ధతి ప్రకారం ఆయన పక్షులను కాల్చి సేకరించేవారు. మనకు ఆ పాపం అక్కర్లేదు. చూసి రాస్తే చాలు.

నేను మూల రాసుకోలేదు కనుక గుంటక తోలేవాళ్లకు ఆ చోటు వదలమని చెప్పలేకపోయాను. మళ్లీ వెళ్లేసరికి గుడ్లు లేవు. అది ఇంకా నన్ను బాధిస్తూనే ఉంది.

ఇప్పుడు క్యాలెండరు పక్కనే ఇంకో పుస్తకం వేలాడదీశాను. తేదీ, టైము, చోటు, ఎన్ని, ఏం చేస్తున్నాయి, ఇవన్నీ రాస్తాను. ఖాయంగా తెలియకపోతే తెలియదనే రాస్తాను. పేరు పోల్చలేకపోతే రంగు, గుర్తులు రాస్తాను. మీ పెరట్లోకీ ఏదో ఒక పిట్ట వస్తూనే ఉంటుంది. రేపు పాలలెక్క రాసేటప్పుడు దాని పద్దు కూడా వేయండి మరి!