రాయిని అడిగిన మనిషి

ఈసారి సావనీరుకు ఏదైనా రాయమని విద్యార్థి సంఘం మిత్రులు అడిగారు. కళాశాల వదిలి చాలా ఏళ్లయినా, ఆ మాట కాదనడం నావల్ల కాలేదు. ఏం రాయాలా అని ఆలోచిస్తే, చదువంటే ఏమిటో నాకు మొదటిసారి తెలియజెప్పిన ఒక పెద్దమనిషి గుర్తుకొచ్చాడు. ఆయన్ని నేను చూసింది లేదు. నేను పుట్టడానికి ఎంతో ముందే, 1912లోనే ఆయన కాలం చేశాడు. పేరు రాబర్ట్ బ్రూస్ ఫుట్. మన దేశపు చరిత్రపూర్వ యుగ పరిశోధనకు పితామహుడని అందరూ చెప్పుకునే మనిషి.

మాది ఆళ్లగడ్డ. శిల్పుల కొట్టాల్లో ఉలి చప్పుడు వింటూ పెరిగినవాణ్ణి. చిన్నప్పుడు నాకు అన్నీ సందేహాలే. మహానంది కోనేటి నీళ్లు చలికాలం పొద్దున వెచ్చగానూ, ఎండాకాలంలో చల్లగానూ ఎందుకుంటాయి? నంద్యాలలో మా మేనత్త ఇంట్లో నీళ్లు కాచే అండా లోపల ఆ తెల్లటి పెచ్చు ఎందుకు కడుతుంది? అడిగితే పెద్దవాళ్లు, నీకెందుకురా ఇవన్నీ, పోయి ఎక్కాలు చదువుకో పో అనేవాళ్లు. జవాబులు తర్వాత తెలిశాయి. లోతులోంచి ఉబికే ఊటకు పైనున్న ఎండా చలీ తగలవు. నీళ్ల వేడి ఏడాది పొడుగునా దాదాపు ఒకటే. మారేది మన ఒంటిచుట్టూ ఉన్న గాలి. ఇక అండాలో పెచ్చు సంగతి. దానికి ఫుట్ దొరగారి కథలోనే చోటుంది, కాబట్టి కాస్త ఆగుదాం.

ఇంటర్మీడియట్ నంద్యాలలో చదివేటప్పుడు, కె.సి. కాలువ గట్టున తిరుగుతుంటే ఒక రాయి దొరికింది. బాదంకాయ ఆకారం, రెండు పక్కలా చెక్కినట్టు అంచులు. జేబులో వేసుకున్నాను. కొన్ని నెలల తర్వాత దాన్ని మా లెక్చరరు గారికి చూపించాను. ఆయన తిప్పి తిప్పి చూసి, ఇది ఎక్కడ దొరికింది అన్నారు. కాలువ గట్టున అన్నాను. గట్టు మీద ఏ చోట, ఏ మట్టిలో, పైనా లోపలా అన్నారు. నోరు పెగల్లేదు. అట్లయితే ఇది ఇక ఉత్త రాయే అని నా చేతిలో పెట్టేశారు. నా కళ్లలో నీళ్లు తిరగడం చూసి పక్కన కూచోబెట్టుకుని ఫుట్ కథ చెప్పారు. ఆనాడు విన్నదానికి తర్వాత చదివింది కలిపి ఇక్కడ చెబుతున్నాను.

ఫుట్ 1834 సెప్టెంబరు 22న ఇంగ్లండులోని చెల్టెన్‌హాంలో పుట్టాడు. 1858లో, ఇరవై నాలుగేళ్ల వయసులో, భారత భూవిజ్ఞాన సర్వే ఉద్యోగంలో చేరి మద్రాసు వచ్చాడు. పని ఏమిటంటే దక్షిణ దేశమంతా తిరిగి ఎక్కడ ఏ రాయి ఉందో పటాలు గీయడం. గుర్రం, గుడారం, సుత్తి, నోటుపుస్తకం. ముప్ఫై ఏళ్లకు పైగా ఇదే బతుకు.

1863 మే 30న మద్రాసు దగ్గర పల్లావరంలో, కంకర తవ్విన గుంతలో ఎర్రమట్టి రాళ్ల మధ్య ఆయనకు ఒక చెక్కిన రాయి కనిపించింది. అంతకు ముందు ఆ గుంతను ఎంతోమంది చూసి ఉంటారు. ఆయన మాత్రం ఇది ఎవరు చేశారు అని అడిగాడు. ఫ్రాన్సులో నదీతీరాల మట్టిలో దొరికిన రాతి పనిముట్లు అతి ప్రాచీన మానవుడివేనని శాస్త్రజ్ఞులు ఒప్పుకుని అప్పటికి నాలుగేళ్లే. మన గడ్డ మీదా అట్లాంటి మనిషి తిరిగాడని తేల్చింది ఆ రాయే. అదే ఏడాది సెప్టెంబరులో సహోద్యోగి విలియం కింగ్‌తో కలిసి అత్తిరంపాక్కంలో మరెన్నో పనిముట్లు కనుగొన్నాడు. ఆ చోట అడుగు పొరల పనిముట్ల వయసు సుమారు 15 లక్షల సంవత్సరాలని 2011లో వెలువడిన పరిశోధన చెప్పింది.

నీళ్లకు కొట్టుకొచ్చి విరిగిన రాయికీ, మనిషి చెక్కిన రాయికీ తేడా ఎట్లా తెలుస్తుంది? దీనికి జవాబు నాకు మా ఊరి శిల్పి ఒకాయన చెప్పాడు. ఆయనకు ఫుట్ ఎవరో తెలియదు. వాగులో రాయి ఎట్లాపడితే అట్లా తగులుకుని విరుగుతుంది, దెబ్బలకు వరస ఉండదు. చేతితో కొట్టినవాడైతే ఒక దెబ్బ పక్కన ఇంకో దెబ్బ, ఒకే అంచును పట్టుకుని పోతాడు అన్నాడు. గట్టి రాయి మీద దెబ్బ పడిన చోట పెచ్చు లేచి, చిన్న బుడిపె, దానికెదురుగా గుంట మిగులుతాయి. అవి వరసగా ఉన్నాయంటే అక్కడ చెయ్యి ఉన్నట్టే. ఫుట్ చూసిందీ ఆ వరసనే.

ఆయన అడిగిన ఇంకో ప్రశ్న బూడిద దిబ్బల గురించి. బళ్లారి ప్రాంతంలో పెద్ద పెద్ద బూడిద గుట్టలున్నాయి. అవి కాలిపోయిన రాక్షసుడి బూడిదని చుట్టుపక్కల పల్లెల్లో చెప్పుకునేవారు. అగ్నిపర్వతం పనేమోనని కొందరు చదువుకున్నవాళ్లు అనుకున్నారు. ఫుట్ మాత్రం పశువుల దొడ్లలో పేరుకున్న పేడ కాలి అట్లా అయిందన్నాడు. చాలామంది నమ్మలేదు. ఆయన పోయిన ఎన్నో ఏళ్లకు, 1959లో జరిగిన పరీక్షల్లో అది పేడ బూడిదేనని తేలింది. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో ఆల్చిన్ జరిపిన తవ్వకాల్లో నాటి పశువుల గిట్టల ముద్రలు కూడా కనిపించాయి.

ఇప్పుడు మన సీమకు వద్దాం. నంద్యాల నుంచి డోన్ వైపు రైలెక్కితే పాణ్యం దాటాక బేతంచర్ల వస్తుంది. నాపరాళ్ల ఊరు. దాని దగ్గరే బిల్వస్వర్గం గుహలు. అక్కడ ఎముకలున్నాయని 1844లోనే కెప్టెన్ న్యూబోల్డ్ రాసిపెట్టినా, ఆ తర్వాత చాలాకాలం ఎవరూ గట్టిగా పట్టించుకోలేదు. చివరకు శాస్త్రవేత్త హక్స్‌లీ ఇంగ్లండు నుంచి ప్రోద్బలం చేస్తే, మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్ 1883లో ఫుట్‌ను అక్కడికి పంపించాడు. ఫుట్ మొదలుపెట్టిన తవ్వకాలను సైన్యంలో లెఫ్టినెంటుగా ఉన్న కొడుకు హెన్రీ కొనసాగించాడు. ఆ రోజుల్లోనే ఫుట్ కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహల గురించీ రాశాడు.

అండాలో పెచ్చు సంగతి ఇక్కడే. వాననీరు గాలిలోనూ మట్టిలోనూ ఉన్న కార్బన్ డయాక్సైడును కలుపుకుని కొంచెం పులుపెక్కుతుంది. ఆ నీళ్లకు సున్నపురాయి కొద్దికొద్దిగా కరుగుతుంది. వేల లక్షల ఏళ్లు అట్లా కరిగితే గుహ. ఆ నీళ్లనే మనం తోడుకుని కాచినప్పుడు వాయువు ఎగిరిపోయి, కరిగిన రాయి మళ్లీ రాయై అండాకు పట్టుకుంటుంది. మా మేనత్త చింతపండుతో తోమి వదిలించిందీ, కొండను తొలిచి బిల్వస్వర్గం చేసిందీ ఒకే పదార్థపు రాకపోకలు. ఎముకలు చెడకుండా నిలవడానికి సాయపడిందీ ఆ సున్నమే.

గుహల్లో వేలకొద్దీ ఎముకలు దొరికాయి. లిడెకర్ అనే శాస్త్రవేత్త వాటిని పరిశీలించి 1886లో గ్రంథం ప్రకటించాడు. అందులో ఒక ఖడ్గమృగానికి మన కర్నూలు పేరే పెట్టాడు. కొన్ని ఎముకలు మనుషులు పనిముట్లుగా చెక్కుకున్నవని ఫుట్ అభిప్రాయం. ఇక్కడే ఆయనకు దెబ్బ తగిలింది. ఆ ఎముక పనిముట్లు తర్వాత కనబడకుండా పోయాయి. చూపించడానికి వస్తువు లేకపోతే ఎవరు నమ్ముతారు? ఫుట్ పొరబడ్డాడేమోనన్న అనుమానం దశాబ్దాలపాటు అట్లాగే ఉండిపోయింది.

కానీ ఆయన రాత మిగిలింది. ఏ గుహ, ఎంత లోతు, ఏ పొర, ఏమేం దొరికాయి, అన్నీ రాసిపెట్టాడు. 1970 దశకం తొలి ఏళ్లలో ఎం.ఎల్.కె. మూర్తి గారు బేతంచర్ల ప్రాంతంలోనే ముచ్చట్ల చింతమాను గవిలో తవ్వినప్పుడు ఎముక పనిముట్లు, నిప్పు రాజేసుకున్న చోటు బయటపడ్డాయి. ఫుట్ మాట నిలబడింది. బిల్వస్వర్గంలో ఆ తర్వాత కూడా తవ్వకాలు జరిగాయి. రెండు లక్షల ఏళ్లుగా అక్కడ గుర్తించిన 21 రకాల క్షీరదాల్లో ఒక్కటి తప్ప అన్నీ ఈ ఉపఖండంలో నేటికీ బతికే ఉన్నాయని 2014లో ప్రకటించారు.

ఫుట్ 1891లో ఉద్యోగ విరమణ చేసి ఏర్కాడులో స్థిరపడ్డాడు. తరువాత బరోడా, మైసూరు సంస్థానాలకూ పనిచేశాడు. తను పోగుచేసిందంతా 1904లో మద్రాసు మ్యూజియానికి చేరింది. ప్రతి వస్తువుకూ దొరికిన చోటు రాస్తూ జాబితా తయారుచేశాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో కన్నుమూశాడు. ఆ జాబితా ఆయన పోయాకే, 1914, 1916 సంవత్సరాల్లో అచ్చయింది.

మిత్రులారా, ప్రశ్న వేయడం గొప్పే, కాదనను. చిన్నప్పుడు నేనూ వేశాను. కానీ ఫుట్ పనిముట్లు పోయినా వాటి చిరునామా మిగిలింది. నా రాయి మిగిలింది, దాని చిరునామా పోయింది. అది ఇప్పటికీ నా బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా బరువుకు పనికొస్తోంది. దసరా సెలవులకు ఊరెళ్లినప్పుడు మీకూ ఏ గట్టునో ఇట్లాంటిది కనిపిస్తే తొందరపడి జేబులో వేసుకోకండి. ముందు దాని పక్కన కూచుని ఎక్కడుందో, ఏ మట్టిలో ఉందో రాసుకోండి. తర్వాత తెలిసినవారికి చెప్పండి.